క్లచ్ లేని బండ్ల మాస్టారు

మొన్న ఒకాయన నా కొట్టుకొచ్చి, ఫోను కౌంటరు మీద పెట్టి, తెర మీది బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి చూపించి, "అచ్చం ఇలాంటి సీలే కావాలండి" అన్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో నాది బేరింగులూ, నూనె కారకుండా ఆపే రబ్బరు ఆయిల్ సీళ్ళూ అమ్మే కొట్టు. ఇలాంటి బేరాలు రోజూ తగులుతూనే ఉంటాయి. ఫోనులో బొమ్మ ఉంగరమంత ఉండొచ్చు, జల్లెడంత ఉండొచ్చు, ఎవరికి తెలుసు? "పాతది తెచ్చారా?" అని అడిగాను.

"పాతది పారేశామండి. అయినా అన్నీ ఒకలాగే ఉంటాయి కదా" అన్నాడాయన.

నాకు నవ్వొచ్చింది. ఆ మాట వినవలసిన మనిషి కిందటి ఎండాకాలంలో పోయారు. ఉండి ఉంటే పక్క షెడ్డులోంచి లేచి వచ్చి, ఆ పెద్దమనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మరీ తిట్టేవారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే, ఇంకాస్త పెద్ద అక్షరాల్లో వేయలేదేమని ఎక్కడున్నా నొచ్చుకుంటారు. ఆటోనగర్‌లో అందరం మాస్టారు అనేవాళ్ళం. మొదట్లో మేస్త్రి అనేవాళ్ళట. "మేస్త్రి అంటే గోడలు కట్టేవాడు. నేను పాఠం చెప్పేవాణ్ణి" అని కనబడినవాడినల్లా దిద్ది, దిద్ది, చివరికి మాస్టారనిపించుకున్నారు. పాఠం ఎవరికి చెప్పేవారంటే, కారు బాగుచేయించుకోవడానికి వచ్చి పారిపోలేక చిక్కుకున్న ప్రతివాడికీ.

షెడ్డు మీద ఒక బోర్డుండేది. "ఆటోమేటిక్ గేర్‌బాక్సులు మాత్రమే చూడబడును. క్లచ్ ఉన్న బండ్ల వారు ఇక్కడ నిలబడి అడ్రసులు అడగరాదు." ఆ బోర్డు రాసిన పెయింటరు రెండో వాక్యం వద్దని బతిమాలాడని చెప్పుకునేవాళ్ళు.

సంగతి తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. ఆటోమేటిక్ బండికి ఎడమకాలితో తొక్కే క్లచ్ ఉండదు. చేత్తో గేర్లు మార్చే పనీ ఉండదు. ముందుకో వెనక్కో చెబితే చాలు, మిగతాదంతా గేర్‌బాక్సులోని నూనె చూసుకుంటుంది. లోపల వాల్వ్ బాడీ అని ఒక అల్యూమినియం దిమ్మ ఉంటుంది. దాని మీద ఎవరో మెలికల ముగ్గు వేసి, ఆ గీతల వెంటే నూనె పారాలని శాసించినట్టు ఉంటుంది. ఆ నూనె సన్నటి రంధ్రాల్లోంచి వెళ్ళి, దొంతరగా పేర్చిన ప్లేట్లను నొక్కుతుంది. అప్పుడు బండి కదులుతుంది. రంధ్రం ఉండాల్సినంతే ఉండాలి, ప్లేటు మందం ఉండాల్సినంతే ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బండి ఆ రోజు ఏమీ అనదు. కొన్నాళ్ళాగి, వానలో, ఫ్లైఓవర్ మీద అంటుంది.

అందుకని మాస్టారు ఎవరినీ నమ్మేవారు కాదు. అట్టపెట్టె మీద అచ్చేసిన నంబరును నమ్మరు, అమ్మేవాడి మాటను నమ్మరు, అమ్మేవాడు నేనైతే అసలే నమ్మరు. కొలతలు తీసే వెర్నియర్‌ను పెన్నులా చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవారు. ఆ చొక్కా ఎప్పుడూ తెల్లదే, గంజి పెట్టినదే. నూనెలో మునిగే పని చేస్తూ తెల్లచొక్కా ఏమిటండీ అంటే, "సర్జను గారు నల్లకోటు వేసుకుంటాడా?" అనేవారు. మరక పడకుండా పనిచేయడం తన ప్రతిభకు రుజువని ఆయన ఉద్దేశం. మరక పడ్డ రోజున మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి చొక్కా మార్చుకొచ్చేవారని మా అందరికీ తెలుసు.

ఆయనకొక మాట ఊతపదంలా ఉండేది. "దూరడం వేరు, సరిపోవడం వేరు." నా దగ్గర సీలు కొని, వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చి, దాన్ని నా కౌంటరు మీద నాణెంలా గిర్రున తిప్పి వదిలేవారు.

"ఏం మాస్టారూ, దూరలేదా?"

"దూరింది. అదే బాధ."

"లోపలి కొలత, బయటి కొలత, మందం, మూడూ కుదిరాయి కదండీ?"

"కుదిరాయి తమ్ముడూ. రబ్బరు కుదరలేదు. ఇది నీళ్ళ పంపు రబ్బరు. గేర్‌బాక్సు వేడికి అప్పడం అవుద్ది. ఎర్రగా ఉండే రకం తెప్పించు, అప్పటిదాకా బండి ఇక్కడే పడుంటది."

బండి అక్కడే పడుండేది. బండివాడు రోజూ వచ్చి మాస్టారినీ, ఆయనతో పాటు నన్నూ తిట్టుకుని వెళ్ళేవాడు. ఒకే మోడల్ బండి, ఒకే గేర్‌బాక్సు, కానీ ఒక ఏడాది వచ్చినదాంట్లో ప్లేట్లు కాస్త పల్చగా ఉంటాయి, మరుసటేడు కంపెనీ వాడికి బుద్ధి పుట్టి మందం పెంచుతాడు. పైకి చూస్తే కవలపిల్లలే. ఆయన పాత ప్లేటునూ కొత్త ప్లేటునూ రెండు చేతుల్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేళ్ళతో తడిమి, "ఇది అక్క, ఇది చెల్లెలు. చెల్లెలి రవిక అక్కకిస్తే ఊరుకుంటదా?" అని బండి సొంతదారుని అడిగేవారు. ఆ సొంతదారు ఎంత పెద్ద కాంట్రాక్టరైనా, గన్నవరంలో విమానం దిగి సరాసరి వచ్చినవాడైనా, ఊరుకోదని ఒప్పుకోవాల్సిందే.

ఇంటి దగ్గర కథ వేరు. వాళ్ళిల్లు కానూరులో. ఒకసారి భోజనానికి పిలిస్తే వెళ్ళాను. వంటింట్లో వదిన గారు, అంటే మాస్టారి భార్య, చట్నీ రుబ్బుతున్నారు. మిక్సీ ఒక కంపెనీది, జారు ఇంకో కంపెనీది. మధ్యలో మడతపెట్టిన అట్టముక్క దోపి, పైన రెండు చేతులతో బలమంతా వేసి పట్టుకుంటే తప్ప అది తిరగడం లేదు.

"చూశారా మీ అన్నయ్య గారి నిర్వాకం?" అన్నారావిడ, మిక్సీ మోతకు పైన అరుస్తూ. "ఊరందరి బళ్ళకీ వెంట్రుకవాసి తేడా ఒప్పుకోరు. నా జారుకి మాత్రం దూరింది కదా, చాల్లే అంటారు."

"పచ్చడే కదా" అన్నారు మాస్టారు, నా వైపు చూడకుండా.

అలాగని ఆయన బళ్ళను అర్థం చేసుకునే తీరులో మాత్రం ఎవరూ వంక పెట్టలేకపోయేవాళ్ళు. బాగుచేసిన బండిని ట్రయల్‌కు తీసుకెళ్ళేటప్పుడు తాను స్టీరింగు పట్టుకునేవారు కాదు. సొంతదారునే నడపమని, పక్క సీట్లో కూర్చుని, అరచెయ్యి గేరు రాడ్డు పక్కన ఆనించి, కళ్ళు మూసుకునేవారు. "ఇప్పుడు రెండో గేరుకెళ్ళింది... మూడు... కాస్త తొందరపడింది, సర్దుకుంటది." ఆ దృశ్యానికే సగంమంది పడిపోయేవాళ్ళు. నడిపేవాడి చేతిలోనే బండి నిజం చెబుతుందని ఆయన సిద్ధాంతం. దాన్ని నేనూ చాలామందికి ఆయన మాటగా చెప్పాను.

ఆయన షెడ్డు ముందు ఒకరోజు పొద్దున్నే చేపల వ్యాను ఆగింది. ఐసు పెట్టెల మధ్య, గోనెసంచి కప్పుకుని, ఒక గేర్‌బాక్సు దిగింది. దాని వెనకే ఒకావిడ దిగారు. నలభై ఏళ్ళుంటాయేమో. చిన్నప్పటి పోలియోతో ఎడమకాలు సన్నబడిపోయింది, చంకలో కర్ర. పేరు నాగమణి. కైకలూరు అవతల కొల్లేటి పక్క ఊరు. చెరువుల గట్ల మీద చేపలు కొని, ఐసు పెట్టించి, లారీలకెక్కించే వ్యాపారం ఆవిడది.

"మేస్త్రి గారెవరండీ?" అన్నారు.

"ఇక్కడ మేస్త్రి లేరమ్మా. గోడేవన్నా కట్టాలా?" అన్నారు మాస్టారు.

"గోడ కాదండి, గేర్‌బాక్సు. ఈ మోడల్ ఎప్పుడో ఆపేశాం, సామాన్లు రావు, క్లచ్ ఉన్న బండి కొనుక్కోండి అని షోరూంలో సలహా ఇచ్చారు. క్లచ్ తొక్కే కాలు కూడా వాళ్ళే అమ్ముతారేమో, అడగడం మర్చిపోయానండి."

మాస్టారు కాసేపు వెర్నియర్ తెరిచి, మూసి, "క్లచ్ తొక్కడం అనాగరికం తల్లీ. కూర్చో" అన్నారు.

గేర్‌బాక్సు విప్పారు. నూనె వేలికి రాసుకుని వాసన చూసి, "మాడిన పప్పు" అని ప్రకటించారు. ప్లేట్ల మీది పూత కాలిపోయి, పక్కనున్న ఇనప ప్లేట్లు నీలంగా మారాయి. ఆ పొడంతా వెళ్ళి వాల్వ్ బాడీలో కూర్చుని దాని గుంటల్ని అరగదీసింది. ప్లేట్లూ, అతుకుల మధ్య పరిచే కాగితపు గ్యాస్కెట్లూ కలిపి కిట్టుగా ఢిల్లీ నుంచి తెప్పించొచ్చు. వాల్వ్ బాడీ కొత్తది దొరకదు. పాత బండి నుంచి తీయాల్సిందే.

నా బండిలో మంగళగిరి దగ్గర పాత కార్లు విప్పి అమ్మే చోటికి వెళ్ళాం. అక్కడ ఆవిడ బండి లాంటిదే, ముందుభాగం నుజ్జయిన కారు ఒకటుంది. అమ్మేవాడు గేర్‌బాక్సు మీది మట్టి తుడిచి నంబరు చూపించాడు.

"అదే మోడలండి, అదే నంబరండి. కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి."

"నంబరు పైన ఉంటది. తేడా లోపల ఉంటది" అని, మాస్టారు అక్కడే నేల మీద గోనె పరిపించుకుని దాన్ని విప్పించారు. ప్లేట్లను పట్టి ఉంచే డ్రమ్ము లోతు కొలిచారు. అది కుదిరింది. వాల్వ్ బాడీని బయటికి తీసి, తడిగుడ్డతో తుడిచి, చాలాసేపు చూశారు. కంపెనీ వాడు మధ్యలో ఏదో మార్చాడని ఆయనకు అనుమానం. కానీ వేరేది లేదు. గుంటూరు దాకా ఫోన్లు చేశాం, ఎక్కడా లేదు. తీసుకొచ్చాం.

కిట్టు వచ్చాక ఆ వాల్వ్ బాడీ మీద ఢిల్లీ గ్యాస్కెట్ పరిచి, వెలుతురుకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నారు. ఆయన పక్కనే ఉన్నాను. రంధ్రాలన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చుని వెలుతురు చుక్కల్లా కనిపించాయి. ఒక్కటి మాత్రం చంద్రవంకలా ఉంది. గ్యాస్కెట్ కాగితం దాన్ని సగం మూసేసింది.

"అదేమిటి మాస్టారూ?"

"వెనక్కెళ్ళే గేరుకు నూనె తీసుకెళ్ళే దారి."

వాల్వ్ బాడీ కొత్త రకం, గ్యాస్కెట్ పాత రకం. సరైన గ్యాస్కెట్ కోసం మళ్ళీ ఢిల్లీకి చెప్పాలి, వాడు ఎప్పటికి వెతికి పంపుతాడో తెలియదు. నేనైతే ఆయన ఆ గ్యాస్కెట్‌ను కౌంటరు మీద గిరాటేసే క్షణం కోసం చూస్తున్నాను. అప్పుడే ఫోను మోగింది. నాగమణి గారు. రోజూ చేసేవారు. అవతల చెరువుల్లో చేపల పట్టుబడి మొదలైంది. వల వేసిన పూట గట్టు మీద మనిషి కనబడకపోతే చెరువు రైతు ఇంకొకరికి అమ్మేస్తాడు. ఆవిడ ఆటోల్లో తిరుగుతున్నారు. గట్లలోపలికి ఆటోవాళ్ళు రామంటున్నారు. కర్ర సాయంతో బురదలో నడిచి వెళ్ళేసరికి సరుకు అమ్ముడైపోతోంది. ఆవిడ వ్యాపారం మానేసిందని ఎవరో పుకారు కూడా లేపారు.

"ఇవాళ రెండుసార్లు పడ్డానండి మాస్టారూ. పడటం అలవాటే. నవ్వారు, అదే కొత్త" అన్నారావిడ. ఫోను స్పీకర్లో ఉంది, నాకూ వినబడింది.

మాస్టారు ఫోను పెట్టేసి, ఆ చంద్రవంకను ఇంకోసారి చూశారు. "ఫర్వాలేదులే. వెనక్కెళ్ళే గేరే కదా" అన్నారు. ఆ మాట వేరే ఏ షెడ్డులో విన్నా నేను పట్టించుకోను, రోజంతా వినేదే. ఆయన నోట వినేసరికి మాత్రం ఎవరో చనిపోయినంత పనైంది.

జాలి వల్ల బిగించారు. అంతవరకూ నాకు అర్థమైంది. గేరు వెనక్కి వేశాక ఒక్క క్షణం ఆగి, అది పట్టుకున్నాక బ్రేకు వదలమని ఆవిడకు చెబితే సరిపోయేది. అది చెప్పలేదు. చెబితే తన పనిలో లోపం ఉందని ఒప్పుకోవాలి. లారీ మీద తెప్పించిన ఆవిడ బండికి గేర్‌బాక్సు ఎక్కించి, ట్రయల్ నాడు కళ్ళు మూసుకుని పక్కన కూర్చుని, ఆటోనగర్ వీధులన్నీ చుట్టుకుని తిరిగి షెడ్డు ముందుకొచ్చేలా దారి చెప్పారు. ఆవిడ చేత ఒక్కసారి కూడా బండి వెనక్కి తీయించలేదు.

తర్వాత కొద్దిరోజులకే, తెల్లారి కాఫీ వేళకు, మాస్టారు నా ఇంటి ముందు నిలబడి ఉన్నారు. తెల్లచొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పాయి.

"బండి తియ్యి తమ్ముడూ. కైకలూరు వెళ్ళాలి."

నాగమణి గారు ఫోను చేశారని దారిలో చెప్పారు. పట్టుబడి అయిన చెరువు గట్టు మీద లారీకి దారివ్వడానికి నాగమణి గారు గేరు వెనక్కి వేశారు. బండి కదల్లేదు. కాస్త గట్టిగా యాక్సిలరేటర్ తొక్కారు. అప్పుడు ఒక్క గుద్దుతో పట్టుకుంది. బండి ఎగిరి వెనక్కెళ్ళి, వెనక తలుపుల దాకా చెరువులో దిగింది. ముందు చక్రాలు గట్టు మీదే ఉండిపోయాయి గనక బతికారు. జాలర్లు ముందు తలుపులోంచి బయటికి లాగారు. కర్ర మాత్రం చెరువు పాలైంది.

"ఫోనులో తిట్టారా?"

"లేదు. మీ రివర్స్ గేరు దిట్టమైందండీ అన్నది."

ఆ తర్వాత ఆయన తప్పిన గుండీలన్నీ విప్పి, మళ్ళీ పెట్టుకోవడం మొదలుపెట్టారు.

మేం వెళ్ళేసరికి ట్రాక్టరు కట్టి బండిని గట్టెక్కించారు. వెనక సీట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. జాలర్లు, చెరువు రైతులు, లారీవాళ్ళు చుట్టూ ఉన్నారు. నాగమణి గారు ఐసు పెట్టె మీద కూర్చుని ఉన్నారు. చేతిలో ఎవరో కోసిచ్చిన వెదురు కర్ర. మోచెయ్యి చీరుకుపోయి ఉంది.

గుంపులో పెద్దాయన ఒకాయన మాస్టారిని చూసి మర్యాదగానే దారి చూపించాడు. "మీ పనిలో తప్పేం ఉండదులెండి. అమ్మాయి కంగారులో తొక్కేసుంటది. ఆడకూతురు, పైగా కాలు చూశారుగా" అన్నాడు. నలుగురు తలూపారు. మాస్టారు ఊ అంటే చాలు, కథ అక్కడితో ముగిసిపోయేది. ఆయన గొప్పా నిలిచేది.

"ఆవిడ తొక్కడంలో ఏ తప్పూ లేదు" అన్నారు మాస్టారు. అందరికీ వినబడింది. "బిగించింది నేను. ఒక రంధ్రం సగం మూసుకుపోయి ఉందని నాకు తెలుసు. తెలిసీ బిగించాను. ఆవిడకి చెప్పలేదు."

నాగమణి గారు కర్ర నేలకానించి లేచారు.

"ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే నా పనిలో లోపం ఉన్నట్టు అవుద్ది కదమ్మా."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూశారు. "అవునండి. మీరెలా చెప్తారు! నీళ్ళు గొంతు దాకా వస్తే నాకే తెలుస్తది కదా."

మాస్టారు తలొంచుకున్నారు. అయినా ఉండబట్టలేక, "కానీ ఒకటమ్మా. ఇది మామూలు తప్పు కాదు. ఈ జిల్లాలో ఇంకెవడైనా ఆ రంధ్రం చూసి ఉండేవాడే కాదు" అన్నారు.

నేను కళ్ళు మూసుకున్నాను. కొడతారనుకున్నాను. నాగమణి గారు మాత్రం తాళంచెవి ఆయన ముందుకు చాపారు.

"ఇంజను బాగానే ఉందంట. ఎక్కండి. మీరే వెనక్కేసి చూడండి, అది ఎలా గుద్దుద్దో."

మాస్టారు తాళంచెవి తీసుకోలేదు. చెరువు వైపు చూశారు, ట్రాక్టరు వైపు చూశారు, నా వైపు చూశారు.

"నాకు కారు నడపడం రాదమ్మా" అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఎన్నో ఏళ్ళుగా పక్క కొట్టులో ఉన్నవాణ్ణి. ఆయనకు స్కూటరు తప్ప మరోటి ఉండేది కాదని తెలుసు. గేర్‌బాక్సులు కొన్ని విడిగా వస్తాయి, బళ్ళతో వచ్చేవాటిని సొంతదారులే నడుపుకొస్తారు. బండి నడిపే అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. మొదట్లో ఎవరికీ చెప్పలేదు. తర్వాత చెప్పే వయసు దాటిపోయింది.

"మరి ట్రయల్‌కి కళ్ళు మూసుకుని కూచుంటారే?" అన్నారు నాగమణి గారు.

"భయం వల్లమ్మా. నాకు కార్లంటే భయం."

ముందు నవ్వింది ఆవిడే. కర్ర పట్టుకుని నిలబడలేక మళ్ళీ ఐసు పెట్టె మీద కూలబడి, చీరుకుపోయిన చెయ్యి పట్టుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వారు. తర్వాత జాలర్లు అందుకున్నారు. మాస్టారు తెల్లచొక్కాలో ఆ గట్టు మీద నిలబడి, కదలకుండా, ఆ నవ్వంతా తీసుకున్నారు.

బండి మళ్ళీ ఆటోనగర్‌కు వచ్చింది. ఢిల్లీ నుంచి సరైన గ్యాస్కెట్ వచ్చేదాకా గేర్‌బాక్సు బల్ల మీద విప్పి ఉంచారు. అడిగినవాడికీ అడగనివాడికీ ఆ పాత గ్యాస్కెట్ వెలుతురుకు పట్టి తన తప్పు చూపించేవారు. కొత్తది వచ్చాక పట్టి చూస్తే, ఈసారి రంధ్రాలన్నీ నిండుగా వెలిగాయి. బిగించి ఫోను చేస్తే నాగమణి గారు ఒక షరతు పెట్టారు. బండి తీసుకెళ్ళాలంటే ముందు మాస్టారు దాన్ని నడపాలి, వెనక్కి కూడా.

ఆదివారాలు ఆటోనగర్‌కు సెలవు. వీధులు ఖాళీగా, వెడల్పుగా ఉంటాయి. మూడు నాలుగు ఆదివారాలు ఆవిడ చేపల వ్యానులో వచ్చి నేర్పారు. ధైర్యానికి నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఎవరి ధైర్యానికో నాకు చెప్పలేదు. మాస్టారి తిప్పలన్నీ ఎడమకాలితోనే. ఖాళీగా ఉన్న ఆ కాలు ఊరుకోదు. బండి కదలగానే వెళ్ళి బ్రేకు మీద ధబీమని పడేది. మా ముగ్గురి తలలూ ముందుకు పోయేవి.

"ఎడమకాలు ఉందన్న సంగతి మర్చిపోండి మాస్టారూ" అన్నారు నాగమణి గారు, నుదురు రుద్దుకుంటూ. "నాకు ఆ అదృష్టం చిన్నప్పుడే పట్టింది. మీరు కష్టపడి సంపాదించుకోవాలి."

మాస్టారు స్టీరింగు వదిలేసి ఆవిడ వైపు తిరిగి చూశారు. తర్వాత ఎడమ చెప్పు విప్పి, ఆ కాలు మడిచి సీటు మీద పెట్టుకుని, పూజకు కూర్చున్నట్టు కూర్చుని, బండిని వీధి చివరిదాకా నడిపారు. వెనక్కి కూడా తెచ్చారు. వంకరగా తెచ్చారు, నా కొట్టు షట్టరుకు ఒక సొట్ట పెట్టారు, కానీ తెచ్చారు. దిగుతూ, "ఇందులో నేర్చుకోవడానికి పెద్దగా ఏం లేదమ్మా. నాలో ముందే ఉంది. బయటికి రావడమే ఆలస్యం" అన్నారు.

నాగమణి గారి బండి మళ్ళీ గట్ల మీద తిరిగింది. ఆవిడ పోగొట్టుకున్న చెరువుల్లో కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. మాస్టారిలో ఒక కొత్త జబ్బు మొదలైంది. ప్రతి బండినీ అప్పగించేటప్పుడు దానిలో ఒక లోపం చెప్పేవారు. "నాలుగో గేరు చలికి కాస్త మొరాయిస్తది, చూసుకోండి." "ఈ సీలు బాగానే ఉంది గానీ నాకు నచ్చలేదు, గుర్తుంచుకోండి." లోపం ఏమీ లేకపోతే కూర్చుని వెతికేవారు. కొందరు భయపడి బళ్ళు వేరే చోటికి తీసుకెళ్ళారు. నేను బాధపడితే, "పోనీ తమ్ముడూ. నా అంత నిజం చెప్పేవాడు ఈ కృష్ణకి ఇటూ అటూ ఉన్నాడా? వాళ్ళు తట్టుకోలేరు" అనేవారు.

కిందటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకుని మళ్ళీ లేవలేదు. వదిన గారు చొక్కాకు గంజి పెట్టి ఆరేస్తున్నారట.

ఆటోనగర్‌లో సంతాప సభ పెట్టారు. వేదిక మీద ఫోటో, దండ, మైకు. ముందు వరసలో వదిన గారు, ఆవిడ పక్కన కైకలూరు నుంచి బండి నడుపుకుంటూ వచ్చిన నాగమణి గారు, ఆ పక్కన నేను. మాస్టారిని దగ్గరగా ఎప్పుడూ చూడని పెద్దమనిషి ఒకాయన మైకు అందుకున్నాడు. కాగితం ముందే రాసుకొచ్చాడు.

"ఆయన వినయశీలి" అని మొదలుపెట్టాడు. "తన గొప్ప తాను చెప్పుకోవడం ఎరగని మనిషి. మితభాషి. ఎదుటివారిని ఒక్క మాట అనడం ఎవరూ వినలేదు..."

వదిన గారి భుజాలు కదలడం మొదలైంది. తల వంచుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనక వరసల్లో ఆడవాళ్ళు అయ్యో అయ్యో అంటూ లేచారు. ఎవరో మంచినీళ్ళ కోసం పరిగెత్తారు.

వదిన గారు నాగమణి గారి చెవి దగ్గరికి వంగారు. "అమ్మాయ్, మనం మా ఆయన సభకే వచ్చామా? ఆ ఫోటో ఒకసారి సరిగ్గా చూసి చెప్పు."

నాగమణి గారు మెడ సాచి, వేదిక మీది ఫోటోను పరీక్షగా చూశారు. "ఆయనేనండి పిన్ని గారూ" అన్నారు. "ఇంకాసేపు ఇలాగే చదివితే దిగొచ్చి మైకు లాక్కుంటారు."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు. నేను పెదవి కొరుక్కుని నేల చూశాను. నీళ్ళు తెచ్చినావిడ వదిన గారి వీపు నిమురుతూ, ఏడవకండమ్మా, ఏడవకండి అంటోంది. నవ్వుకీ ఏడుపుకీ ఆవిడకు తేడా తెలియలేదు. కాసేపటికి మాకూ తెలియలేదు.